తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?
క్లౌడ్‌లో దాచిన సొంత రాతలు, వాటి గోప్యత

కాట్టుపల్లి నౌకాశ్రయానికి ప్రతిదినం కంటైనర్లు వస్తాయి, పోతాయి. ప్రతి కంటైనర్ మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు గల గుర్తింపు సంఖ్య ఉంటుంది. తలుపుకు సీలు ఉంటుంది. క్రేను నడిపేవారు పెట్టెను ఎత్తి ఓడలో పెడతారు. లోపల ఏముందో వారు చూడరు, చూడవలసిన అవసరమూ లేదు. సంఖ్య, బరువు, చేరవలసిన రేవు తెలిస్తే వారి పని జరుగుతుంది. తనిఖీ అవసరమైనప్పుడు అధికారం ఉన్నవారు సీలు తీస్తారు. తీసిన సంగతి పత్రాలలో నమోదవుతుంది. సరుకు ఎన్ని చేతులు మారినా, దాని యజమాని నిశ్చింతగా ఉండగలగడానికి ఈ ఏర్పాటే ఆధారం.

అదే తీరంలో పనిచేసే ఒక కార్మికుడి చేతిలోని ఫోనును ఇప్పుడు గమనించవచ్చు. అందులోని నోట్స్ యాప్‌లో అతడు రాసుకున్నవి ఇవి: గుత్తేదారు ఇవ్వవలసిన కూలి బాకీ, బ్యాంకు ఖాతా సంఖ్య, భార్యకు వైద్యులు రాసిన మందుల పేర్లు, బంధువుకు ఇచ్చిన చేబదులు, ఎవరితోనూ చెప్పుకోలేని ఒక మనోవ్యథ. ఈ రాతలు కూడా ఫోను నుండి బయలుదేరి, ఎక్కడో దూరాన ఉన్న ఒక సంస్థ కంప్యూటర్లకు చేరుతున్నాయి. వీటికి సీలు ఉందా? ఉంటే, తీయగలిగిన వారెవరు? ఈ పాఠం ఆ రెండు ప్రశ్నలకు సమాధానం వెదుకుతుంది.

1. నోటు పుస్తకం నుండి క్లౌడ్ వరకు

పూర్వం సొంత లెక్కలు, జ్ఞాపకాలు ఒక నోటు పుస్తకంలో ఉండేవి. ఆ పుస్తకం ట్రంకుపెట్టెలోనో, దేవుని పటం వెనుకనో ఉండేది. దానిని చదవాలంటే ఎవరైనా ఇంటిలోకి రావలసిందే. రహస్యానికి ఇంటి గోడలే కాపలా.

క్లౌడ్ అనగా ఆకాశంలోని మేఘం కాదు. సంస్థలు నడిపే పెద్ద పెద్ద కంప్యూటర్ల సముదాయం. ఫోనులో ఒక వాక్యం రాసిన కొద్ది క్షణాలలోనే దాని ప్రతి ఆ కంప్యూటర్లకు చేరుతుంది. అక్కడి నుండి అదే వ్యక్తి వాడే మరో ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు చేరుతుంది. ప్రమాదాలను తట్టుకోవడానికి సంస్థ దానికి మరికొన్ని ప్రతులు తీసి వేరు వేరు చోట్ల ఉంచుతుంది. అందువలన ఫోను నీటిలో పడినా, పోయినా, కొత్త ఫోనులో లాగిన్ కాగానే పాత రాతలన్నీ తిరిగి కనబడతాయి. ఇది సామాన్యమైన మేలు కాదు.

అయితే ఈ మేలుకు మరో ముఖం ఉంది. ఒక పుస్తకానికి ఒకే ప్రతి ఉండేది. క్లౌడ్‌లోని రాతకు ఎన్ని ప్రతులున్నాయో రాసినవారికి కనబడదు. ఫోనులో చెరిపివేసిన నోటు తొలగింపుల పెట్టెలో కొన్నాళ్లు ఉంటుంది. సంస్థ భద్రతా ప్రతులలో మరికొంత కాలం మిగిలి ఉండవచ్చు. పుస్తకాన్ని పొయ్యిలో వేసినంత సులభంగా ఈ రాత మాయం కాదు.

2. మూడు రకాల రక్షణ

దాదాపు అన్ని సంస్థలూ "మీ సమాచారం ఎన్‌క్రిప్షన్‌తో భద్రంగా ఉంది" అని చెబుతాయి. ఎన్‌క్రిప్షన్ అనగా చదవదగిన రాతను, తాళంచెవి లేనివారికి అర్థంకాని గుర్తులుగా మార్చడం. ఆ మాట నిజమే కావచ్చు. కాని తాళంచెవి ఎవరి వద్ద ఉందో ఆ వాక్యం చెప్పదు. అందుచేత మూడు రకాల రక్షణను విడివిడిగా గుర్తించాలి.

మొదటిది, దారిలో రక్షణ. రాత ఫోను నుండి సంస్థకు చేరేదాకా మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. రెండవది, నిల్వలో రక్షణ. సంస్థ కంప్యూటరులో రాత గుప్తలిపిలో ఉంటుంది. బయటి దొంగ డిస్కును ఎత్తుకుపోయినా చదవలేడు. కాని ఈ రెండింటిలోనూ తాళంచెవి సంస్థ దగ్గరే ఉంటుంది. సంస్థ తలచుకుంటే, లేదా చట్టబద్ధమైన ఉత్తర్వు వస్తే, ఆ రాతను తెరవవచ్చు.

మూడవది, ఈ కొస నుండి ఆ కొస వరకు ఉండే రక్షణ. ఇందులో తాళం రాసినవారి ఫోనులోనే పడుతుంది; తాళంచెవి వారి పరికరాలలోనే ఉంటుంది. సంస్థ కేవలం సీలు వేసిన పెట్టెను మోస్తుంది. ఎవరు అడిగినా అది ఇవ్వగలిగింది సీలు వేసిన పెట్టెనే. అయితే పెట్టె మీది సంఖ్య వలె, ఎవరు, ఎప్పుడు, ఏ పరికరం నుండి దాచారన్న పై వివరాలు అప్పటికీ సంస్థకు తెలిసే అవకాశం ఉంది.

వాడుకలోని సేవలను ఈ దృష్టితో చూస్తే భేదం తెలుస్తుంది. గూగుల్ కీప్‌లోని రాతలకు మొదటి రెండు రక్షణలు ఉన్నాయి; మూడవది లేదు. ఆపిల్ నోట్స్‌లో తాళం వేసిన నోట్లకు మూడవ రక్షణ ఉంది. 2022 డిసెంబరులో ఆ సంస్థ ప్రవేశపెట్టిన ప్రత్యేక రక్షణ ఏర్పాటును ఎంచుకుంటే, అది అందుబాటులో ఉన్న దేశాలలో మిగిలిన నోట్లకూ వర్తిస్తుంది. స్టాండర్డ్ నోట్స్ అనే యాప్ మొదటి నుండి ఈ పద్ధతినే పాటిస్తోంది. జోప్లిన్ అనే ఉచిత యాప్‌లో వాడేవారు దానిని ఎంచుకోవచ్చు. చాలామంది వాట్సాప్‌లో తమకు తామే సందేశం పంపుకొని దానిని నోటు పుస్తకంగా వాడుకుంటున్నారు. ఆ సందేశాలకు మూడవ రక్షణ ఉన్నప్పటికీ, వాటి బ్యాకప్‌కు అదే రక్షణను సెట్టింగులలో విడిగా ఎంచుకోవలసి ఉంటుంది.

మూడవ రక్షణకు ఒక మూల్యం ఉంది. తాళంచెవి రాసినవారి వద్ద మాత్రమే ఉంటుంది కనుక, దానిని మరచిపోతే సంస్థ కూడా తెరిచి ఇవ్వలేదు. రాత ఎవరికీ చిక్కదు, రాసినవారికీ చిక్కదు. కాబట్టి ఆ పాస్‌వర్డును కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు దాచుకోవడం వివేకం.

3. ఒక సంస్థ నేర్చుకున్న పాఠం

ఎవర్‌నోట్ అనే నోట్స్ సేవ ఒకప్పుడు ప్రపంచమంతటా పేరు పొందింది. 2013 మార్చిలో ఆ సంస్థ కంప్యూటర్లలోకి బయటివారు చొరబడ్డారు. వాడేవారి పేర్లు, ఈమెయిల్ చిరునామాలు, గుప్తరూపంలోని పాస్‌వర్డులు వారికి అందాయి. నోట్లను చదివినట్లు ఆధారం కనబడలేదని చెప్పిన సంస్థ, ముందుజాగ్రత్తగా దాదాపు 5 కోట్ల మంది చేత పాస్‌వర్డులు మార్పించింది.

2016 డిసెంబరులో మరో సంగతి జరిగింది. కంప్యూటర్లకు నేర్పే పని సరిగా సాగుతున్నదో లేదో చూడడానికి కొందరు ఉద్యోగులు వాడుకరుల నోట్లను చదివే వీలు కల్పిస్తూ ఎవర్‌నోట్ తన గోప్యతా విధానాన్ని సవరించబోయింది. వాడేవారు పెద్దయెత్తున అభ్యంతరం తెలిపారు. కొద్ది రోజులలోనే సంస్థ వెనక్కి తగ్గి, వాడుకరి స్వయంగా అంగీకరిస్తే తప్ప అలా చదవబోమని ప్రకటించింది.

మొదటి సంఘటనలో దొంగ బయటివాడు. రెండవ సంఘటనలో దొంగ లేడు. మారబోయినది నియమం మాత్రమే. తాళంచెవి మరొకరి వద్ద ఉన్నప్పుడు, వారు నేడు ఇచ్చిన మాట రేపు మారవచ్చు. ఈనాడు నోట్లను సంక్షిప్తం చేసే, సరిదిద్దే కృత్రిమ మేధ సదుపాయాలు అనేక యాప్‌లలో చేరుతున్నాయి. వాటిని ఒప్పుకొనే ముందు, రాత ఫోనులోనే పరిశీలింపబడుతుందా, సంస్థ కంప్యూటరుకు వెళుతుందా అని తెలుసుకోవడం అవసరం.

4. హైదరాబాదు నుండి వెళ్లిన ఒక వ్యాజ్యం

సొంత పత్రాన్ని మరొకరి వద్ద దాచినంత మాత్రాన దాని మీది గోప్యతా హక్కు పోతుందా? ఈ ప్రశ్న క్లౌడ్ రాకముందే మన దేశంలో తలెత్తింది. తెలుగు నేల మీదనే తలెత్తింది.

1899 నాటి భారత స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1986లో సవరించింది. స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకొనడం దాని ఉద్దేశం. ఆ సవరణ ప్రకారం కలెక్టరు లిఖితపూర్వకంగా అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా పత్రాలున్న చోటికి వెళ్లి వాటిని పరిశీలించవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు, అవసరమనుకుంటే స్వాధీనం చేసుకోవచ్చు. బ్యాంకులలో ఖాతాదారులు ఉంచిన పత్రాలూ ఆ పరిధిలోకి వచ్చాయి. ఎవరికి అధికారం ఇవ్వాలి, ఏ కారణం మీద ఇవ్వాలి అన్న నిబంధన మాత్రం లేదు. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఆ సవరణను కొట్టివేసింది. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒక పక్షం. కెనరా బ్యాంకు మరొక పక్షం.

2004 నవంబరు 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ అనే వ్యక్తి కేసులో ఇందుకు విరుద్ధమైన మార్గం తొక్కింది. బ్యాంకుకు అప్పగించిన వివరాల మీద ఖాతాదారుకు గోప్యత ఆశించే హక్కు లేదని ఆ న్యాయస్థానం భావించింది. ఆ అభిప్రాయం విమర్శకు గురికాగా, 1978లో అమెరికా చట్టసభ ఖాతాదారులకు రక్షణ కల్పిస్తూ ప్రత్యేక చట్టం చేసింది. మన సుప్రీంకోర్టు మిల్లర్ తీర్పు బాటను అనుసరించలేదు. గోప్యత స్థలానికి కాదు, మనిషికి చెందినదని స్పష్టం చేసింది. పత్రం ఖాతాదారు ఇంటిలో ఉన్నా, బ్యాంకులో ఉన్నా, దాని గోప్యత అతనిదే. సరైన కారణమూ హద్దూ లేని తనిఖీ అధికారం నిలువదని తేల్చింది.

ఆ తీర్పులో ఉన్నవి కాగితాలు, బ్యాంకు బీరువాలు. అయినా దాని సారం నేటి నోట్స్ యాప్‌కూ దారి చూపుతుంది. నమ్మి అప్పగించడం వేరు, హక్కు వదులుకొనడం వేరు.

5. హక్కు విస్తరించిన తీరు

గోప్యత ప్రాథమిక హక్కేనా అన్న సందేహం చాలా కాలం కొనసాగింది. 1994లో తమిళనాడు నుండి వెళ్లిన ఆర్. రాజగోపాల్ కేసులో, మరణశిక్ష పడిన ఒక ఖైదీ చెరసాలలో రాసిన స్వీయచరిత్ర ప్రచురణ వివాదమైంది. తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి ఆ తీర్పు రాశారు. తన కుటుంబం, వివాహం, సంతానం, విద్య వంటి విషయాలలో గోప్యతను కాపాడుకునే హక్కు పౌరునికి ఉందని అందులో పేర్కొన్నారు. 2017 ఆగస్టు 24న, విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. దానికి అడ్డువచ్చే ప్రభుత్వ చర్యకు చట్టం ఆధారంగా ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ప్రయోజనానికి తగిన మేరకే అది పరిమితం కావాలి.

ఈ హక్కు హద్దులు లేనిది కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం, దేశభద్రత వంటి నిర్ణీత కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేసి, ప్రభుత్వం సమాచారాన్ని తెరిపించే ఉత్తర్వు ఇవ్వవచ్చు. నౌకాశ్రయంలో సీలు తీసే అధికారం ఉన్నట్లే ఇదీ. అధికారం ఉండడం తప్పు కాదు. అది కారణంతో, లెక్కతో, హద్దులో ఉండాలన్నదే న్యాయస్థానాలు చెప్పిన మాట.

సంస్థల బాధ్యతలను నిర్ణయించడానికి పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. చట్టం అంచెలంచెలుగా అమలులోకి వస్తుంది, సంస్థల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇవ్వబడింది. తిరువళ్లూరు జిల్లాలోని తెలుగు కుటుంబాలకు ఇందులో ప్రత్యేకంగా ఉపయోగపడే అంశం ఒకటుంది. సమ్మతి కోరుతూ సంస్థ ఇచ్చే ప్రకటనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ భాషలలో తెలుగు ఒకటి. తమిళనాడులో నివసిస్తున్నా, తెలుగులో కోరడం పౌరుని హక్కు.

తన గురించి ఏ సమాచారం ఉందో తెలుసుకోవడం, తప్పులు దిద్దించుకోవడం, తుడిపించుకోవడం, ఫిర్యాదు చేయడం, మరణానంతరం తన తరఫున ఈ హక్కులను వినియోగించే వ్యక్తిని నియమించుకోవడం కూడా ఈ చట్టంలో ఉన్నాయి. భద్రతా ఏర్పాట్లలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. సేవను భారతదేశంలోని వారికి అందిస్తున్నప్పుడు, సంస్థ కంప్యూటర్లు విదేశంలో ఉన్నా చట్టం వర్తిస్తుంది.

6. మన పుస్తకంలో ఇతరుల రహస్యాలు

గోప్యతను సొంత విషయంగానే భావించడం పరిపాటి. వాస్తవానికి ఒకరి నోట్లలో ఇతరుల జీవితాలూ ఉంటాయి. మహిళా సంఘం లెక్కలు రాసే సభ్యురాలి ఫోనులో ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎవరు వాయిదా కట్టలేకపోయారో ఉంటుంది. ఉపాధ్యాయుని నోట్లలో ఒక విద్యార్థి ఇంటి కష్టం ఉంటుంది. చేపల వేటకు వెళ్లే వ్యక్తి ఫోనులో తాను, తన తోటివారు ఏళ్ల తరబడి కనుగొన్న వేట స్థలాల గుర్తులు ఉండవచ్చు. అవి బయటపడితే నష్టపోయేది రాసినవారు మాత్రమే కాదు.

ఒక స్త్రీ సమయానికి వాయిదా కట్టలేదన్న సంగతి వీధిలో తెలిస్తే, ఆమెకు కలిగే అవమానాన్ని ఏ జరిమానా తీర్చలేదు. పైగా, ఒక వ్యక్తి పూర్తిగా సొంత, గృహ అవసరాలకు చేసుకునే రాతలకు 2023 చట్టం వర్తించదు. అక్కడ మిగిలేది రాసేవారి మర్యాద ఒక్కటే. కనుక ఇతరుల గురించి రాసేటప్పుడు పూర్తి పేరుకు బదులు తనకు మాత్రమే అర్థమయ్యే గుర్తు వాడడం, పని ముగిసిన తరువాత తుడిచివేయడం మంచి అలవాటు.

7. ఆచరణలో పాటించవలసినవి

ఏ ఏర్పాటూ సంపూర్ణం కాదు. ఎంత గట్టి సీలు ఉన్నా, తెరిచిన ఫోను మరొకరి చేతిలో ఉంటే అది నిరుపయోగం. క్రింది జాగ్రత్తలకు డబ్బు ఖర్చు లేదు; ఒక సాయంకాలం సరిపోతుంది.

అ) ఏటీఎం పిన్, యూపీఐ పిన్, పాస్‌వర్డులు నోట్స్ యాప్‌లో రాయరాదు. పాస్‌వర్డుల కోసమే రూపొందించిన యాప్‌లు వేరే ఉన్నాయి. ఆధార్ ఫొటోను నోట్లలో ఉంచడానికి బదులు, ప్రభుత్వ డిజిలాకర్‌లో గాని, మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ రూపంలో గాని ఉంచుకోవడం మేలు.

ఆ) నోట్స్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. అప్పుడు పాస్‌వర్డు తెలిసినవారు కూడా రెండవ ఆమోదం లేకుండా లోపలికి రాలేరు.

ఇ) ఖాతా సెట్టింగులలో ఏయే పరికరాలు లాగిన్ అయి ఉన్నాయో చూడాలి. అమ్మివేసిన పాత ఫోను, బ్రౌజింగ్ సెంటరులోని కంప్యూటరు ఆ జాబితాలో ఉంటే తొలగించాలి.

ఈ) లింకు ద్వారా ఇతరులకు చూపిన నోట్లను పరిశీలించాలి. పని అయిపోయిన లింకును ఆపివేయాలి. లింకు చేతులు మారుతుంది.

ఉ) ఫోనును మరమ్మతుకు ఇచ్చేటప్పుడు, వీలైతే రాతలకు ప్రతి తీసుకొని ఫోనును ఖాళీ చేసి ఇవ్వాలి. తెర తాళం సంఖ్యను చీటీ మీద రాసి ఇవ్వడం ఇంటి తాళంచెవి ఇవ్వడంతో సమానం.

ఊ) అత్యంత ఆంతరంగికమైన రాతలకు మూడవ రక్షణ గల యాప్‌ను ఎంచుకోవాలి, లేదా కాగితం మీదనే రాసుకోవాలి. కాగితం నేటికీ చిన్నతనం కాదు.

ఋ) ఖాతాను మరచి వదిలివేయరాదు. రెండేళ్లు వాడని సొంత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. తదనంతరం ఎవరికి అందాలో నిర్ణయించే ఏర్పాటు గూగుల్‌లోనూ, ఆపిల్‌లోనూ ఉంది.

ఖాతా దొంగిలింపబడినట్లు, రాతలను చూపి ఎవరైనా బెదిరిస్తున్నట్లు అనిపిస్తే, భయపడి డబ్బు చెల్లించరాదు. తెరమీది ఆధారాలను ఫొటో తీసి ఉంచుకొని, 1930 సంఖ్యకు ఫోను చేయాలి. లేదా జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు వెబ్‌సైటులో నమోదు చేయాలి. మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడడం సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షన్ క్రింద నేరం. ఫిర్యాదు చేయడం సిగ్గుపడవలసిన పని కాదు, సిగ్గుపడవలసినది అవతలివారు.

8. ముగింపు

సరుకును నౌకాశ్రయానికి అప్పగించిన వ్యాపారి దాని మీది హక్కును వదులుకోడు. సీలు సంఖ్యను మాత్రం తప్పక రాసుకుంటాడు. క్లౌడ్‌లో రాతలు దాచే పౌరునికీ అదే వైఖరి తగినది. హక్కు తనదేనని న్యాయస్థానం చెప్పింది. తాళంచెవి ఎవరి వద్ద ఉందో తెలుసుకొనే పని మాత్రం అతనిదే, ఆమెదే.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. నిల్వలో రక్షణకు, ఈ కొస నుండి ఆ కొస వరకు ఉండే రక్షణకు భేదమేమి? కంటైనర్ ఉదాహరణతో వివరించండి.
2. కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మిల్లర్ తీర్పు బాటను ఎందుకు అనుసరించలేదు?
3. మీ ఫోనులోని నోట్లలో ఇతరులకు సంబంధించినవి ఎన్ని ఉన్నాయి? వాటిలో నేడే తుడిచివేయదగినవి ఏవి?
4. మీ ఇంటిలోని వృద్ధుల ఖాతాలో లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాను వారితో కలసి పరిశీలించండి. వారికి తెలియని పరికరం కనబడితే చేయవలసిన పనులను వరుసగా రాయండి.